గ్రహణపు మొర్రి: భ్రమకు మూలమెక్కడ?

పెదవి చీలి పుట్టిన శిశువును చూచి తెలుగునాట పలుకు మాట "గ్రహణపు మొర్రి". ఇది కేవలము ఒక వ్యాధి పేరు కాదు. ఇందులో ఒక అనుమానము, ఒక తీర్పు రెండును ఇమిడియున్నవి. గ్రహణము వలన పెదవి చీలినదనుట అనుమానము. గర్భవతి గ్రహణ నియమము తప్పినదనుట తీర్పు. మాట పలికిన క్షణముననే విచారణ ముగిసి, శిక్ష కూడ విధింపబడుచున్నది. ఆ శిక్షను అనుభవించునది పురిటిమంచముపై నున్న తల్లి. "గ్రహణం నాడు బయటికి వచ్చావా? కత్తిపీట ముట్టుకున్నావా? కూరలు తరిగావా?" అని అత్తగారు అడుగును, ఆడపడుచు అడుగును, ఇరుగుపొరుగు వారు అడుగుదురు. ఆమె వెనుకటి దినములను తలచుకొని ఏదో ఒకటి చెప్పును. అంతటితో నిర్ణయము స్థిరపడును. ఆ శిశువు పెరిగి పెద్దయైనను తల్లి హృదయమున ఆ నింద చెరగదు.

మనుష్యుడు ఎందుకు తప్పుగా నిర్ణయించును అను ప్రశ్నపై భారతీయ దర్శనములు చేసినంత విచారణ సామాన్యమైనది కాదు. త్రాటియందు పాము ఎట్లు తోచినది, ముత్యపుచిప్పయందు వెండి ఎట్లు కనబడినది అను చిన్న ప్రశ్నలపై మహావాదములే జరిగినవి. ఖ్యాతివాదములని వాటికి పేరు. అయితే ఆ విచారణ గ్రంథములయందే నిలిచిపోయి, మన ఇండ్లలోని భ్రమలను తాకకపోవుట శోచనీయము. హేత్వాభాసములను ఐదింటిని పాఠశాలలో కంఠస్థము చేసిన వారే బాలింత ఎదుట అసత్ హేతువును పలుకుచున్నారు. కనుక ఈ ఒక్క మాటను శాస్త్రమను గీటురాయిపై పరీక్షించుట సాధకులకు ఉపయోగకరము.

ముందుగా గ్రహణ స్వరూపము. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయము గ్రహణములను ఛాయామూలకములుగా వివరించినది. భూచ్ఛాయయందు చంద్రుడు ప్రవేశించుట చంద్రగ్రహణము. చంద్రుడు సూర్యుని కప్పుట సూర్యగ్రహణము. ఆరవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహుచారాధ్యాయమున ఇదే విషయమును స్పష్టముగా ప్రతిపాదించెను. ఆయన నాస్తికుడు కాడు. శకునములను, ఉత్పాతములను విస్తారముగా వ్రాసిన దైవజ్ఞుడు. అట్టివాడే నీడ నీడయేనని చెప్పెను. నేటి పంచాంగమున స్పర్శ, మధ్య, మోక్ష కాలములు నిమిషములతో సహా ముద్రింపబడుచున్నవన్నచో, అది ఈ ఛాయాగణితము ఫలమే. నీడ పడి తొలగిపోవుటయే గ్రహణమని గణితము చేతను, ప్రత్యక్షము చేతను నిశ్చితమైనది.

ఇక అనుమానమును పరీక్షింతము. "ఈ శిశువు పెదవి గ్రహణము వలన చీలినది, ఇతడు గర్భమునందున్న కాలమున గ్రహణము వచ్చినది కనుక" అనునది వారి ప్రయోగము. హేతువు సాధ్యమును సాధింపవలెనన్నచో వ్యాప్తి యుండవలెను. పొగ యున్నచోట నిప్పు తప్పక యుండును. నిప్పు లేని మడుగునందు పొగ యుండదు. ఈ నియమము ఇచ్చట కలదా? సూర్యుడు రాహుకేతు బిందువులలో ఏదో ఒకదాని సమీపమునకు సుమారు 173 దినములకు ఒకసారి వచ్చును. వచ్చిన ప్రతి పర్యాయమును భూమిపై ఎక్కడనో ఒకచోట సూర్యగ్రహణము సంభవింపక తప్పదు. గర్భకాలము సుమారు 280 దినములు. అనగా ఈ లోకమున పుట్టిన ప్రతి మనుష్యుడును తల్లి గర్భమునందుండగా ఒక గ్రహణమైనను సంభవించియే యున్నది. నిండు పెదవితో పుట్టిన వారికిని, చీలిన పెదవితో పుట్టిన వారికిని అది సమానము. సపక్షమునందును విపక్షమునందును ఉండు హేతువు సవ్యభిచారము. ఆంధ్రుడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు తర్కసంగ్రహమున దీనికి చూపిన ఉదాహరణము సుప్రసిద్ధము: తెలియదగిన వస్తువగుటచే పర్వతమున నిప్పు కలదనుట వంటిది ఇది. మడుగు కూడ తెలియదగిన వస్తువే కదా.

"మన ఊరిలో కనబడిన గ్రహణమే లెక్క" అని కొందరు సవరింతురు. ధర్మశాస్త్ర రీత్యా కనబడని గ్రహణమునకు నియమములు లేవు గాన ఈ సవరణము కొంత సమంజసముగనే తోచును. కాని అదియును నిలువదు. దేశమంతట కనబడు ఒక చంద్రగ్రహణమునాడు గర్భవతులు లక్షల సంఖ్యలో నుందురు. వారిలో అనేకులు పొలమున, కర్మాగారమున, వంటయింట పనిచేయుచునే యుందురు. వారి శిశువులలో అత్యధికులు నిండు పెదవులతోనే పుట్టుచున్నారు. మరియొక వైపు, గ్రహణ నియమమన్న మాటయే వినని దేశములలోను, కనబడు గ్రహణమేదియు రాని గర్భకాలములలోను సుమారు వేయి జననములకు ఒకటి చొప్పున చీలిన పెదవులు కనబడుచున్నవి. అన్వయము లేదు, వ్యతిరేకము లేదు. రెండును లేనిచోట కార్యకారణభావము ఎట్లు సిద్ధించును?

ఈ హేతువునకు మరియొక దోషము కలదు. గర్భస్థ శిశువు పెదవి నాలుగవ వారము నుండి ఏడవ వారము లోపల రూపొందును. అంగిలి ఆరవ వారము నుండి తొమ్మిదవ వారము లోపల కలిసికొనును. రెండు ప్రక్కల నుండి పెరుగుచు వచ్చిన భాగములు నడుమ కలియవలసిన సమయమున కలియకపోవుటయే మొర్రి. అది కోసిన గాయము కాదు, కలియని సంధి. ఆ వారములలో అనేక స్త్రీలకు తాము గర్భవతులమను నిశ్చయమే కలిగియుండదు. ఐదవ మాసముననో ఏడవ మాసముననో గ్రహణము వచ్చినదనియు, ఆనాడు కత్తిపీట పట్టినదనియు నింద మోపుదురు. అప్పటికే కలిసికొనిన పెదవి కత్తిపీట వలన తిరిగి ఎట్లు చీలును? ప్రమాణాంతరముచే సాధ్యము లేదని తేలిన చోట హేతువు బాధితమగును. నిప్పు చల్లనిది అని సాధింపబూనుట వంటిదగును.

"మా ఇంటి పక్క కుటుంబమున ఇద్దరు పిల్లలకు ఇట్లే జరిగినది. ఆ ఇంటి ఆడవారు నియమము పాటింపరు" అని సాక్ష్యము చెప్పువారు కలరు. ఇచ్చట నైయాయికులు చెప్పిన ఉపాధిని స్మరింపవలెను. నిప్పున్నచోటనెల్ల పొగ యుండునని ఒకడు వాదించును. వంటయింట రెండును చూచెను గాన అతనికి సందేహము లేదు. కాని ఎర్రగా కాలిన ఇనుపగుండునందు నిప్పున్నది, పొగ లేదు. పొగకు నిప్పు ఒక్కటియే చాలదు, తడికట్టె కావలెను. అతడు చూడనిది ఆ తడికట్టె. ఒకే కుటుంబమున ఇద్దరికి మొర్రి కలిగినచో, అచ్చటి తడికట్టె వంశానుగతమైన బీజదోషము కావచ్చును. తల్లికి గర్భధారణకు పూర్వమే యున్న మధుమేహము, పొగాకు సేవనము, మూర్ఛకు వాడు కొన్ని ఔషధములు కూడ దీనికి తోడ్పడునని వైద్యులు గుర్తించిరి. అనేక సందర్భములలో ఇదమిత్థమని కారణము తేలనే తేలదు. కారణము తెలియదని అంగీకరించుట జ్ఞానమునకు లోటు కాదు. తెలియనిచోట తెలిసినదనుటయే విపర్యయము.

ఇంత సులభముగా వీడిపోవు హేతువు ఇన్ని తరములుగా ఎట్లు నిలిచినది? దాని బలము తర్కమునందు లేదు, చిత్తమునందు కలదు.

మొదటి మూలము స్మృతి. భ్రమయందు కనబడినది కొంత, జ్ఞాపకము వచ్చినది కొంత కలసి యుండుననియు, ఆ రెండింటి భేదమును గుర్తింపకపోవుటయే పొరపాటనియు ప్రాభాకర మీమాంసకులు చెప్పుదురు. మొర్రి ప్రత్యక్షముగా కనబడినది. గ్రహణమునాటి కత్తిపీట జ్ఞాపకము వచ్చినది, లేదా ఇతరులు అడిగి అడిగి జ్ఞాపకము తెప్పించినది. రెండింటి నడుమ ముడి మాత్రము ఎవరును చూచినది కాదు. ఆరోగ్యముగా పుట్టిన శిశువు తల్లిని "గ్రహణం నాడు ఏం చేశావు?" అని ఎవరైన అడుగుదురా? ఆమెయు ఆనాడు వంకాయలు తరిగియుండవచ్చును. అడుగువారు లేనందున ఆ సాక్ష్యము ఎన్నడును లెక్కకు రాదు. తాటిచెట్టుపై కాకి వ్రాలుట, అదే క్షణమున పండు రాలుట ఒకసారి జరిగినచో నూరేండ్లు చెప్పుకొందురు. కాకి వ్రాలినను పండు రాలని దినములను లెక్కించిన వాడు లేడు. కాకతాళీయ న్యాయమును మన పెద్దలు ఊరక చెప్పలేదు.

రెండవ మూలము దోషము. ప్రవృత్తికి మూలమైన దోషములను రాగము, ద్వేషము, మోహము అని గౌతమ మహర్షి మూడుగా విభజించి, వానిలో మోహమే మిక్కిలి పాపిష్ఠమని నిర్ణయించెను. మోహము లేనివానికి మిగిలిన రెండును పుట్టవు. ఈ మూడును ఆ పురిటిగదియందే కనబడును. "మా వంశంలో ఇలాంటివి లేవు" అనునది రాగము. నింద కోడలిపైకే పోవుట ద్వేషము. గ్రహణమునాడు తండ్రి ఎచ్చట తిరిగెనో ఎవరును అడుగరు; అతని వంశమున పూర్వమెవరికైన మొర్రి కలదా యని విచారింపరు. బీజము ఇరువురిదైనను అపరాధము ఒకరిదేయైనది. ఇట్టి పక్షపాతమును చూడకుండ కప్పివేయునది మోహము. నిర్ణయము ముందే జరిగినది. హేతువు తరువాత వెదకబడినది. మనుష్యుని తప్పు నిర్ణయములలో అధికభాగము ఈ క్రమమునందే పుట్టుచున్నది.

మూడవ మూలము దుఃఖము. అకారణముగా వచ్చిన ఆపదను చిత్తము భరింపలేదు. ఎవరో ఒక కర్త దొరికినచో దుఃఖమునకు ఒక ఆధారము చిక్కినట్లుండును. అందుచేతనే కొన్నిచోట్ల తల్లియే ముందుగా తన్ను తాను నిందించుకొనును. ఆమె ఒప్పుకొన్నది గాన అది నిజమే యని చుట్టుప్రక్కల వారు భావింతురు. దుఃఖితురాలి అంగీకారము ప్రమాణము కాదు. నాలుగవ మూలము అంధపరంపర. ముందు నడచు గ్రుడ్డివాని భుజముపై చేయి వేసి నడచు వానికి, వెనుక ఎంత పొడవైన వరుస యున్నను, దారి కనబడదు. ఎందరు చెప్పిరి అనునది ప్రశ్న కాదు. వారిలో ఎవరైన చూచిరా అనునది ప్రశ్న.

ఇచ్చట ఆస్తికులు ఒక ఆక్షేపము చేయుదురు: "పెద్దల మాట శబ్దప్రమాణము కాదా?" శబ్దము ప్రమాణమే. అయితే ఆప్తుని శబ్దము ప్రమాణము. విషయమును సాక్షాత్తుగా తెలిసికొని, తెలిసినది తెలిసినట్లు చెప్పగోరువాడు ఆప్తుడు. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమని వాత్స్యాయన భాష్యము. గర్భస్థ శిశువు అవయవ నిర్మాణమును పరీక్షించి చూచిన వైద్యుడు ఆ విషయమున ఆప్తుడు. చూడనివాడు ఎంత వృద్ధుడైనను ఆ విషయమున ఆప్తుడు కాడు. చరకసంహిత శారీరస్థానము శిశువు వైకల్యమునకు బీజము, ఆత్మకర్మ, గర్భాశయము, కాలము, తల్లి ఆహారవిహారములు అను వీటి దోషములను కారణములుగా గణించినది. ఆ గణనకు బీజము మొదటిది. గ్రహణమన్న మాట అందులేదు. కాలమను పదమును గ్రహణమునకు ముడివేయుట, విహారమను పదమును కత్తిపీటకు ముడివేయుట చదువువాని భయము చేసిన వ్యాఖ్యానము.

మీమాంసకులు మరియొక దారి చూపిరి. విధి వేరు, అర్థవాదము వేరు. ఒక కర్మయందు ప్రవర్తింపజేయుటకు స్తుతియు, నివర్తింపజేయుటకు నిందయు చెప్పబడును. ఆ స్తుతినిందలు ఇతర ప్రమాణములతో విరోధించినచో వానిని ముఖ్యార్థమున గ్రహింపక గుణవాదముగా గ్రహింతురు. వేదవాక్యమునకే ఈ వివేచన యుండగా, "కత్తి పట్టితే పెదవి తెగుతుంది" అను ఇంటి మాటను అక్షరసత్యముగా పట్టుకొనుట న్యాయమా? గర్భవతి ఆనాడు విశ్రాంతి తీసికొని, దైవస్మరణతో గడుపవలెనని కోరిన ఒక పెద్దమ్మ అట్లు బెదిరించి యుండవచ్చును. బెదిరింపును కార్యకారణ సూత్రముగా మార్చినది మనము.

గ్రహణాచారము వ్యర్థమని దీని భావము కాదు. స్నానము, జపము, దానము గ్రహణకాలమున విశేష ఫలప్రదములని శాస్త్రము విధించినది, అవి ఆచరణీయములు. తిరుమలలో గ్రహణ సమయమున ఆలయ ద్వారములు మూయుదురు. శ్రీకాళహస్తిలో తెరచియే యుంచి స్వామికి అభిషేకము చేయుదురు. రెండును సదాచారములే. ఒకటి నిజము, మరియొకటి అబద్ధము అని ఎవరును అనరు. ఎందుకనగా ఆచారము కర్తవ్యమును చెప్పును, భౌతిక వస్తువుల కార్యకారణములను గూర్చి ప్రతిజ్ఞ చేయదు. ఆచారమును ఆచారముగా పాటించువాడు ధార్మికుడు. దానిని పరుల తప్పు నిరూపించు సాక్ష్యముగా వాడువాడు ఆచారమునకే ద్రోహము చేయుచున్నాడు.

"అయినచో ఇది పూర్వజన్మ కర్మఫలము" అని మరికొందరు తల్లితో అందురు. కర్మసిద్ధాంతము సత్యము. కాని ఫలాన ఫలము ఫలాన కర్మ వలన వచ్చినదని వేలు పెట్టి చూపగల అధికారము ఎవరికి కలదు? కర్మగతి గహనమని గీతయందు భగవానుడే తెలిపెను. దృష్టకారణము సంభవించుచుండగా అదృష్టమును కల్పింపరాదనునది మీమాంసకుల మర్యాద. తన కష్టమును తన ప్రారబ్ధముగా భావించి ఓర్చుకొనుట సాధన. పరుల కష్టమును వారి ప్రారబ్ధమని ప్రకటించుట సాధన కాదు, క్రౌర్యము.

ఎదుటి పక్షమువారికిని ఒక మాట చెప్పవలసియున్నది. గ్రహణపు మొర్రి అబద్ధము గాన గ్రహణ స్నానము అబద్ధము, దేవాలయము అబద్ధము, వేదము అబద్ధము అని తేల్చువారు కూడ వ్యాప్తి లేని అనుమానమునే చేయుచున్నారు. ఒక నాణెము చెల్లనిదైనంత మాత్రాన సంచిలోని నాణెములన్నియు చెల్లనివి కావు. తత్త్వము తెలియగోరి చేయునది వాదము. గెలువగోరి చేయునది జల్పము. తన పక్షము నిలుపక పరపక్షమును పడగొట్టుటయే పనిగా చేయునది వితండ. మంత్రసాని మాటకు నవ్వి, తల్లిని అవివేకురాలని కసరి పంపు చదువరి కూడ ఆమెకు ఉపకారము చేసినవాడు కాడు.

ఇంతకును ఈ విచారణ వలన ప్రయోజనమేమి? శిశువు పాలు త్రాగవలెను. అంగిలి చీలిన శిశువునకు చప్పరించుట కష్టము. పాలు పట్టు పద్ధతిని మొదటి దినములలోనే వైద్యుల వద్ద నేర్చుకొనవలెను. పెదవిని సరిచేయు శస్త్రచికిత్స మొదటి సంవత్సరము లోపల, అంగిలిని సరిచేయునది సుమారు 18 మాసముల లోపల జరుగుట మేలని వైద్యులు చెప్పుదురు. అంగిలి ఆలస్యమైనచో మాట స్పష్టతకు హాని. "ముందు గ్రహణశాంతి చేయించి, తరువాత చూతము" అని మాసములు గడపినచో, భ్రమ ఒక మాటగా నిలువక ఆ బిడ్డ పలుకునందు జీవితాంతము వినబడును. శాంతి చేయింపదలచినవారు చేయింపవచ్చును. వైద్యము దానికొరకు ఆగరాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానము తెగిన ముక్కును, పెదవిని సంధించు శస్త్రవిధిని చెప్పినది. పెదవి వికలమైనప్పుడు మన పూర్వులు శస్త్రము చేత పట్టిరి. ఆ పరంపరకు వారసులమని చెప్పుకొనువారు నింద చేత పట్టుట తగునా?

కోవెలకు వచ్చి "ఏ దోషం వల్ల ఇలా జరిగింది స్వామీ?" అని అడుగు తల్లికి అర్చకుడు మొదట చెప్పవలసిన మాట "అమ్మా, నీ దోషం లేదు" అనునది. ఆ తరువాతనే అక్షతలు, ఆశీర్వచనము. ప్రక్కన నిలిచిన అత్తగారికిని, భర్తకును వినబడునట్లు చెప్పుట మరింత శ్రేయస్కరము. దోషము లేనిచోట దోషమును ఆరోపించుట అధ్యాస. తెలిసియు దానిని తొలగింపక ఊరకుండుట అధర్మము.

నిత్యానిత్య వస్తు వివేకము ముముక్షువునకు మొదటి సాధనమని వేదాంతము. ఆత్మానాత్మలను విడదీయుట సూక్ష్మమైన కార్యము. కత్తిపీటకును శిశువు పెదవికిని సంబంధము లేదని విడదీయుట స్థూలమైన కార్యము. స్థూలమున తడబడిన బుద్ధి సూక్ష్మమున నిలుచుట కల్ల. కనుక వివేకాభ్యాసము ఇంటినుండియే, నాలుకనుండియే ఆరంభము కావలెను. ఆ బిడ్డకున్నది మొర్రి. వైద్యము చేయింపగా సరియగును. ఆ మాటకు ముందు గ్రహణమును చేర్పకుండుట ప్రతి గృహస్థునకు నేడే సాధ్యమైన సాధన.

స్వస్తి.